ఇంటిదొంగ

సాయంకాలం ఏడు గంటలయ్యేసరికి మా అక్కయ్య గొంతు సవరించుకొనేది. ఆమె ఉండేది బరంపురంలో. నేను ఉండేది విజయనగరంలో. బరంపురం ఒడిశాలో ఉన్నా, తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన ఊరు. అక్కయ్య అక్కడికి కోడలుగా వెళ్ళి అరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడామెకు ఎనభై రెండేళ్ళు. చూపు దాదాపుగా పోయింది. చదవలేదు, వ్రాయలేదు. కాని మా అమ్మ తిరగలి ముందు కూర్చుని పాడిన పాటలన్నీ ఆమె గొంతులో పదిలంగా ఉన్నాయి. అమ్మకు చదువు లేదు. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఒకవేళ ఉన్నా, అమ్మ పాడినట్లుగా లేవు. అక్కయ్య తరువాత వాటిని పాడేవారు మా వంశంలో ఎవరూ లేరు.

కనుక ఆమె పాడుతూ ఉంటే కంప్యూటరులో ధ్వనిముద్రణ చేస్తూ, పక్కనే కాగితంమీద వ్రాసుకోవాలని సంకల్పించాను. కంప్యూటరుకు మంచి మైకు తగిలించుకొన్నాను. అక్కడ మా మేనల్లుడు ఫోను పట్టుకొని కూర్చొనేవాడు. మే నెలంతా పని సాఫీగా సాగింది. లాలిపాటలు పదకొండు, దంపుళ్ళ పాటలు ఏడు పూర్తయ్యాయి. జూన్‌లో 'ఊర్మిళాదేవి నిద్ర' మొదలుపెట్టాము.

స్త్రీల రామాయణపు పాటలలో ఇది ప్రసిద్ధమైనది. లక్ష్మణుడు అడవికి వెళ్ళిన పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రలో ఉంటుంది. అతడు తిరిగి వచ్చి ఆమె పడకటింటిలో అడుగుపెడితే గుర్తుపట్టక, పరపురుషుడనుకొని నిలదీస్తుంది. అచ్చయిన పాఠాలు నేను చూశాను. అమ్మ పాడిన పాటలో ఆ నిలదీసే ఘట్టంలో వాటిలో లేని ఒక చరణం ఉండేదని నాకు చిన్ననాటి నుండి జ్ఞాపకం. మాటలు మాత్రం జ్ఞాపకం లేవు. అక్కయ్య సరిగ్గా ఆ చోటికి వచ్చి, గొంతు కొంచెం హెచ్చించి, ఒక్క మాట అన్నదో లేదో శబ్దం ఆగిపోయింది. తెరమీద ఆమె ముఖం నోరు తెరచినట్లే శిలలా నిలిచిపోయింది. అర నిమిషం తరువాత కదలిక వచ్చింది.

"అక్కయ్యా, మధ్యలో తెగిపోయింది. ఆ చరణం మళ్ళీ అను" అన్నాను.

"ఏ చరణంరా?" అన్నది. కొంతసేపు పెదవులు కదిపింది. "పోయిందిరా తమ్ముడూ" అన్నది.

ఆమెకు పాట మాటలుగా గుర్తులేదు, నడకగా గుర్తున్నది. తిరగలి తిరుగుతున్నంతసేపు వచ్చే పాట, తిరగలి ఆగితే ఆగిపోతుంది. మొదటినుంచి మళ్ళీ అందుకొన్నాము. ఆ చోటికి వచ్చేసరికి ఆమె ఆ చరణాన్ని దాటి వెళ్ళిపోయింది. అక్కడ ఏదో ఉన్నదన్న సంగతి కూడా ఆమెకు తెలియలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అది మొదలు ప్రతి సాయంకాలమూ ఇదే వరస. పది నిమిషాలు బాగుంటుంది, తెగిపోతుంది; తనంతట తానే అతుకుతుంది; మళ్ళీ తెగిపోతుంది. పూర్తిగా చెడిపోయిన వస్తువును బాగుచేయడం సులభం. చెడినట్టే చెడి, మనం చూడబోయేసరికి బుద్ధిమంతురాలిలా నడిచే వస్తువుతోనే చిక్కు. జ్వరం తగ్గాక వైద్యుడి దగ్గరికి వెళ్ళిన రోగి స్థితి నాది. అప్పుడు నేను చేసిన మొదటి పని, ఇప్పుడు తలచుకొంటే సిగ్గు కలిగించేది, ఇంటర్నెట్ కంపెనీవారికి ఫోను చేసి కోప్పడడం. వారి మనిషి రెండుసార్లు వచ్చాడు. వచ్చిన రెండుసార్లూ మధ్యాహ్నమే. రెండుసార్లూ అంతా సవ్యంగానే ఉన్నది. "మీ కంప్యూటరులో లైనక్స్ ఉంది కదండీ, అందువల్లనేమో" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నా కంప్యూటరు పాతది. దానిలో లైనక్స్ వాడుతున్న మాట నిజమే. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి ప్రారంభించి, లోకానికి ఉచితంగా ఇచ్చిన వ్యవస్థ అది. పాత యంత్రాలలో కూడా చక్కగా పనిచేస్తుందని నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి ఎక్కించి వెళ్ళాడు. పదవీవిరమణ చేసిన తెలుగు అధ్యాపకుడికి అది ఎందుకని నవ్వినవారున్నారు. దానిలో నాకు నచ్చిన గుణం ఒకటున్నది. అది తాను చేసిన ప్రతి పనినీ దినచర్యలో వ్రాసిపెట్టుకొంటుంది. అడిగితే దాచకుండా చూపిస్తుంది. అడగడం మనకు తెలియాలి, అంతే.

నాకప్పుడు తెలియదు. తెలియని మనిషి యంత్రాన్ని కాక మనుషులనే అనుమానిస్తాడు. మా మేడమీది గదిలో జూన్ మొదటివారంలో ఒక కుర్రవాడు అద్దెకు దిగాడు. సాలూరు వైపు నుంచి వచ్చాడు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం. అద్దెలో వైఫై కూడా కలిపి ఇచ్చాము. కాలేజీ నుంచి సాయంకాలం ఆరు దాటాక వస్తాడు. అతడు వచ్చిన నెలలోనే ఈ బాధ మొదలయింది. అతడు ఇంట ఉండే వేళలోనే లైను తెగుతున్నది. ఇంకేమి కావాలి? ఒక మూడు రోజులు ఫోనులో వైఫై ఆపి ఉంచమని అతణ్ణి అడిగాను. ఆపాడు. ఆ మూడు సాయంకాలాలూ ఒక్కసారి కూడా తెగలేదు. నాలుగవనాడు పెట్టుకోమన్నాను. అరగంటలో తెగింది.

నేను తర్కం కొద్దిగా చదువుకొన్నవాణ్ణి. కారణం ఉన్నప్పుడు కార్యం ఉండడం అన్వయం. కారణం లేనప్పుడు కార్యం లేకపోవడం వ్యతిరేకం. రెండూ కుదిరాయి. ఇక సందేహానికి తావెక్కడిది? కుర్రవాణ్ణి పిలిపించాను.

"రాత్రిళ్ళు సినిమాలు దించుకొంటున్నావా?" అన్నాను.

"లేదండీ మాస్టారూ. పాఠాలే చూస్తున్నానండీ. నాక్కూడా మధ్యమధ్యలో ఆగిపోతోందండీ" అన్నాడు.

ఆ 'నాక్కూడా' అన్న మాట నాకు తప్పించుకొనే ఎత్తుగా తోచింది. "మా పని ఇలా చెడగొట్టడం భావ్యం కాదు. వైఫై వాడవద్దు" అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. తలవంచుకొని మేడమెట్లు ఎక్కిపోయాడు. నెలకు సరిపడా డబ్బు లెక్కగా పంపే ఇంటినుంచి వచ్చిన పిల్లవాడు. మరునాటి నుంచి రాత్రి తొమ్మిది దాకా స్నేహితుడి ఇంట కూర్చుని పాఠాలు చూసి వస్తున్నాడని మా ఇంటావిడ చెప్పింది. ఆ మాట ఆమె చెప్పిన తీరు నాకు నచ్చలేదు గాని, లైను మాత్రం తెగడం మానివేసింది. మూడు వారాలు సుఖంగా గడిచాయి.

ఆగస్టు రెండవవారంలో, శనివారం సాయంకాలం, పాట నడుమ మళ్ళీ తెగిపోయింది.

నిజం చెప్పవలసినప్పుడు నిజమే చెప్పాలి. నాకు మొదట కలిగినది పశ్చాత్తాపం కాదు. 'వీడు నాకు తెలియకుండా మళ్ళీ మొదలుపెట్టాడు' అనుకొన్నాను. కోపంగా మేడమెట్లు ఎక్కాను. గదికి తాళం వేసి ఉన్నది. వాడు శుక్రవారమే ఊరికి వెళ్ళాడట. ఆ తాళం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. కిందికి దిగి వచ్చేసరికి లైను మళ్ళీ అతికి ఉన్నది. తెరమీద అక్కయ్య "తమ్ముడూ, తమ్ముడూ" అని పిలుస్తున్నది.

ఆ రాత్రి మొదటిసారిగా ప్రశ్నను సరిగ్గా వేసుకొన్నాను. ఎవరు చేస్తున్నారు అని కాదు, ఎక్కడ తెగుతున్నది అని. మన కంప్యూటరు నుంచి మాట బరంపురం చేరాలంటే ముందు ఇంట్లోని రౌటరుకు, అక్కడినుంచి కంపెనీవారి తీగకు, ఆపైన బయటి ప్రపంచానికి వెళ్ళాలి. కాలువలో నీరు రాకపోతే తూము దగ్గరనుంచి నడుచుకొంటూ రావాలి గాని, పొలంలో నిలబడి ఆకాశాన్ని తిట్టి లాభం లేదు. లైనక్స్‌లో దీనికి 'పింగ్' అనే చిన్న సాధనం ఉన్నది. అది అవతలి యంత్రానికి 'ఉన్నావా?' అని ఒక పొట్లం పంపుతుంది. అవతలిది 'ఉన్నాను' అంటుంది. వెళ్ళి రావడానికి ఎంత కాలం పట్టిందో అది లెక్కగట్టి చూపిస్తుంది. అమెరికా సైన్యపు పరిశోధనశాల ఒకదానిలో పనిచేసిన మైక్ మూస్ అనే ఆయన 1983 డిసెంబరులో, తమ నెట్‌వర్కు ఇలాగే వింతగా ప్రవర్తిస్తూ ఉంటే, ఒక్క రాత్రిలో దీనిని వ్రాశాడు. జలాంతర్గాములు శబ్దం పంపి ప్రతిధ్వనిని వినే పద్ధతిని తలచుకొని ఆ పేరు పెట్టాడు. తమాషా ఏమంటే, ఆయన దానిని మొదటిసారి ప్రయోగించేలోగానే సహోద్యోగి ఒకరు అసలు లోపాన్ని కనిపెట్టి సరిచేశారు. ఆ రాత్రి నెట్‌వర్కుకు అక్కరకు రాని పని ఇన్నేళ్ళ తరువాత నాబోటివాడికి అక్కరకు వచ్చింది. మూస్ 2000లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు.

ముందుగా మా రౌటరుకే పింగ్ పంపాను. దాని చిరునామా 192.168.1.1. సెకనుకు ఒకటి చొప్పున జవాబులు వస్తున్నాయి. ఒక్కొక్కదానికి మిల్లీ సెకను కూడా పట్టడం లేదు. హఠాత్తుగా జవాబులు ఆగిపోయాయి. ఇరవై, ఇరవై అయిదు సెకన్ల మౌనం. మళ్ళీ జవాబులు. నాకు ఒళ్ళు జలదరించింది. రౌటరు ఉన్నది హాలులో, నాకు పన్నెండు అడుగుల దూరంలో. దానితోనే మాట తెగుతున్నదంటే కంపెనీవారి తీగకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. నేను రెండుసార్లు కసిరిన మనిషి నిర్దోషి. దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

నా కంప్యూటరుకూ రౌటరుకూ మధ్య ఉన్నది ఒక తీగ. ఎలుక కొరికిందేమోనని టార్చిలైటు వేసి గోడవెంట మొత్తం చూశాను. లైనక్స్ దినచర్యను 'జర్నల్‌సీటీఎల్' అనే ఆజ్ఞతో తెరిచాను. తీగ ఊడినా, లోపల తెగినా 'లింకు పోయింది' అని అది వ్రాసిపెట్టాలి. వ్రాయలేదు. పంపిన పొట్లాల లెక్కలో తప్పిదాలు సున్న. అయినా మనసు ఊరుకోక, పక్కింటివారి దగ్గర కొత్త తీగ అడిగి తెచ్చి మార్చాను. అదే వరస. అంటే దారి బాగున్నది, పలుకుతున్నవాడూ బాగున్నాడు, వినేవాడూ బాగున్నాడు. అయినా జవాబు రావడం లేదు. అర్ధరాత్రి దాటింది. లేచి వెళ్ళి పడుకొన్నాను.

ఆదివారం సాయంకాలం మళ్ళీ పింగ్ నడిపిస్తూ తెర ముందు కూర్చున్నాను. వంటింట్లో మా ఇంటావిడ తన కొత్త ఫోనులో భక్తిగీతాలు పెట్టుకొని కూరలు తరుగుతున్నది. అబ్బాయి గురువారం పంపించిన ఫోను అది. పాట ఆగిపోయింది. "ఇదేమిటండీ, నాక్కూడా ఆగిపోయింది!" అన్నది.

నాక్కూడా.

మేడమీది పిల్లవాడు తలవంచుకొని అన్న మాట. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. అప్పుడు నా తెరవైపు చూశాను. నా పింగ్‌కు జవాబులు చక్కగా వస్తున్నాయి! కొద్దిసేపటికి నావి ఆగిపోయాయి. వంటింట్లో పాట మొదలయింది. మళ్ళీ నావి వచ్చాయి. కొంతసేపటికి పాట ఆగింది. కాడికి కట్టిన రెండు కావడి కుండలలాగా ఒకటి దిగితే ఒకటి లేస్తున్నది. ఇద్దరికీ ఒకేసారి ఆగిపోతే లోపం రౌటరుదనవచ్చు. ఒకరికి ఉన్నప్పుడు ఒకరికి లేదంటే, ఇద్దరూ ఒకే కుర్చీకోసం పెనుగులాడుతున్నారన్నమాట.

ఆ కుర్చీ ఏమిటో చెప్పాలంటే చిరునామాల సంగతి కొంత చెప్పవలసి ఉంటుంది. నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ నాలుగు అంకెల గుంపులతో ఒక చిరునామా ఉంటుంది. ఈ పద్ధతిలో మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే సాధ్యం. అవి చాలవు కనుక, 192.168తో మొదలయ్యేవి వంటి కొన్నింటిని ఇళ్ళలోపల ఎవరికి వారు వాడుకొనేందుకు కేటాయించారు. 1.5 నంబరు తలుపు ప్రతి ఊళ్ళోనూ ఉండవచ్చు. ఒకే వీధిలో రెండు ఉండరాదు. ఇంట్లోకి కొత్త యంత్రం రాగానే ఖాళీగా ఉన్న సంఖ్య నొకదానిని రౌటరు దానికి కొంతకాలం అద్దెకిస్తుంది. ఆ గడువును నిజంగానే 'లీజు' అంటారు. రౌటరుతో పనిలేకుండా 'నా సంఖ్య ఇది' అని యంత్రంలో మనమే శాశ్వతంగా వ్రాసిపెట్టే సదుపాయమూ ఉన్నది.

చిరునామా ఒక్కటే చాలదు. ప్రతి యంత్రానికీ పన్నెండు అక్షరాల గుర్తు మరొకటి ఉంటుంది. ఏ చిరునామా ఏ గుర్తుగల యంత్రానిదో రౌటరు ఒక చిన్న పట్టికలో వ్రాసుకొని, దానిని బట్టి పొట్లాలను అందజేస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వీధిలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల ఇద్దరు ఉండేవారు. పోస్టుమాన్ ఆ ఉదయం ఎవరిని దారిలో చూస్తే వారి చేతిలో ఉత్తరం పెట్టేవాడు. ఒకరికి వచ్చిన మనియార్డరు రెండవవారు ఖర్చుపెట్టుకొనేదాకా వెళ్ళింది వ్యవహారం. రౌటరు చేసేది అదే పని. ఒకే చిరునామాతో ఇద్దరున్నారని దానికి తెలియదు. చివరిగా ఎవరు పలుకరిస్తే వారి గుర్తు పట్టికలో వ్రాసుకొంటుంది. నేను పంపిన ప్రశ్న రౌటరుకు చేరుతూనే ఉన్నది. జవాబు మాత్రం వంటింటికి వెళుతున్నది. అక్కడ ఫోను 'ఇది నాది కాదే' అని పారవేస్తున్నది.

అనుమానం సరే, రుజువు కావాలి. ఒకసారి అనుమానాన్నే రుజువనుకొని దెబ్బతిన్నవాణ్ణి. లైనక్స్‌లో 'ఆర్పింగ్' అనే మరొక సాధనం ఉన్నది. 'ఈ చిరునామా ఇంకెవరిదైనా ఉన్నదా?' అని అది ఇల్లంతా కేకవేస్తుంది. నా కంప్యూటరు చిరునామా 192.168.1.5. ఆ సంఖ్యతో కేకవేయించాను. ఎవరూ పలకకూడదు. పలికారు. నిద్రలో ఉన్నట్లుగా కాస్త ఆలస్యంగా, కాని స్పష్టంగా, నాది కాని గుర్తుతో ఒక జవాబు వచ్చింది. ఆ గుర్తు మొదటి సగాన్ని బట్టి సాధారణంగా తయారీదారు ఎవరో తెలుస్తుంది. ఇక్కడ తెలియలేదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోనులు తమ అసలు గుర్తు దాచి, ఒక్కొక్క నెట్‌వర్కుకు ఒక్కొక్క మారు గుర్తు చెబుతున్నాయి. మనిషి వెంట తిరిగే వస్తువు గనుక అది మంచిదే. గుర్తులోని రెండవ అక్షరాన్ని బట్టి అది మారువేషమని మాత్రం తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి ఫోను అడిగి పుచ్చుకొని, వైఫై వివరాలు తెరిచాను. ఐపీ చిరునామా: 192.168.1.5.

విండోస్ అయితే సాధారణంగా ఇటువంటి తగాదాను కనిపెట్టి ఒక హెచ్చరిక చూపిస్తుంది. ఒక చిరునామా తీసుకొనే ముందు 'ఇది ఎవరిదైనానా?' అని అడిగి చూడాలని 2008లో ప్రమాణపత్రం కూడా వెలువడింది. నా పాత లైనక్స్ అడగలేదు, చెప్పలేదు. దినచర్య దాచదని ఇందాక పొగిడాను. తాను చూడనిదానిని ఏ దినచర్య మాత్రం ఎలా వ్రాస్తుంది?

ఇక మిగిలినది ఒకటే ప్రశ్న. రౌటరు ఒకరికిచ్చిన సంఖ్యను మరొకరికి ఇవ్వదు కదా, ఇద్దరికీ ఒకే సంఖ్య ఎలా వచ్చింది? కంప్యూటరు అమరికలు తెరిచి చూశాను. చిరునామా రౌటరు ఇచ్చినది కాదు. యంత్రంలో శాశ్వతంగా వ్రాసిపెట్టినది. ఎవరు వ్రాశారు? పెట్టెను గోడనుంచి ముందుకు లాగాను. వెనుకవైపు, దుమ్ము పట్టి పసుపెక్కిన ఒక కాగితం ముక్క అంటించి ఉన్నది. '192.168.1.5 – మార్చరాదు' అని దానిమీద వ్రాసి ఉన్నది. దస్తూరీ నాదే.

అప్పుడంతా జ్ఞాపకం వచ్చింది. కొన్నేళ్ళ కింద, ఫోనులో తీసిన పాత తాళపత్రాల ఛాయాచిత్రాలు కంప్యూటరులోకి పంపుకోవడానికి దానికి మారని చిరునామా ఒకటి కావలసివచ్చింది. నేనే పెట్టుకొన్నాను. పెట్టగలిగినందుకు గర్వించాను కూడా. అప్పటి పాత రౌటరు అద్దెకిచ్చే సంఖ్యలు 100 నుంచి మొదలయ్యేవి. 5 జోలికి అది వచ్చేది కాదు. జూన్‌లో ఫైబరు లైను వేయించుకొన్నాము. దానితో కొత్త రౌటరు వచ్చింది. దీని అద్దె సంఖ్యలు 2 నుంచి మొదలు. ఇంట్లోని రెండు ఫోనులూ టీవీ కలిసి 2, 3, 4 తీసుకొన్నాయి. తరువాత వచ్చిన పిల్లవాడికి 5 దక్కింది. కంప్యూటరు కట్టివేసి ఉన్న వేళలో అది ఖాళీ సంఖ్యే కదా! వాడు మానివేశాక గడువు తీరి మళ్ళీ ఖాళీ అయింది. గురువారంనాడు కొత్త ఫోను వచ్చింది. ఛాయాచిత్రాలు మార్చుకోవడంకోసం పాతదీ పక్కనే నడుస్తూ ఉండడంవల్ల, దానికీ ఆ 5 దక్కింది.

జూన్ నెలలో మా ఇంటికి కొత్తగా వచ్చినవి రెండు: రౌటరు, కుర్రవాడు. నేను కుర్రవాణ్ణే చూశాను. నా అన్వయవ్యతిరేకాలు తప్పు కావు. అవి చూపించినంతవరకు నిజమే. కాని తర్కశాస్త్రజ్ఞులు ఇంకొక మాట చెప్పారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. తడికట్టె తోడైతేనే పొగ వస్తుంది. అలా చాటున ఉండి పని నడిపించే తడికట్టెను 'ఉపాధి' అన్నారు. ముప్పై ఏళ్ళ కింద ఒక పండితుడి దగ్గర కూర్చుని ఆ మాట అర్థం చేసుకొన్నానని అనుకొన్నాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెతను ఎన్నోసార్లు తరగతిలో వివరించాను. ఆ దొంగ దస్తూరీ నాదే అయి ఉంటుందని మాత్రం తోచలేదు.

మరమ్మతుకు అయిదు నిమిషాలు పట్టింది. కంప్యూటరులో శాశ్వత చిరునామా తీసివేసి, అందరిలాగే రౌటరును అడిగి పుచ్చుకొనేటట్లు మార్చాను. ఛాయాచిత్రాల పనికి మారని సంఖ్య కావాలి కనుక, కంప్యూటరు గుర్తును రౌటరులోనే నమోదు చేసి 50వ సంఖ్యను దానికి ప్రత్యేకించాను. పంచేవాడికి తెలిసేటట్లు పుచ్చుకొంటే తగాదా లేదు. ఒక రాత్రంతా పింగ్ నడిపించాను. తెల్లవారి చూస్తే ఒక్క జవాబు కూడా తప్పలేదు. ఆ కాగితం ముక్కను గోటితో గీకి తీసివేశాను. జిగురు మరక మాత్రం పోలేదు.

కంపెనీ మనిషికి ఫోను చేసి చెప్పాను. అతడు నవ్వి, "పోనీలెండి సార్, తెలిసింది కదా" అన్నాడు. అది సులభంగానే అయిపోయింది. సోమవారం ఉదయం పిల్లవాడు ఊరినుంచి సంచీతో వచ్చాడు. గేటు దగ్గరే నిలబెట్టి జరిగినదంతా చెప్పాను. "తప్పు నాది. నువ్వు ఆనాడే చెప్పావు, నేను వినలేదు" అన్నాను. అరవై ఏడేళ్ళ మనిషి పదిహేడేళ్ళవాడితో ఈ మాట అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వాడు కంగారుపడి, "పరవాలేదండీ మాస్టారూ" అన్నాడు. అంతలో ముఖం వికసించి, "అయితే ఆ రెండవ జవాబు ఇచ్చింది నా ఫోనేనాండీ అప్పుడు? అది ఎలా కనిపిస్తుందో ఒకసారి చూపిస్తారా?" అన్నాడు. సాయంకాలం రమ్మన్నాను.

వచ్చాడు. వాడి ఫోనుకు 5, నా కంప్యూటరుకు మళ్ళీ 5 పెట్టి, పోయిన తగాదాను కావాలని రప్పించి చూపించాను. వాడు నాకంటె త్వరగా గ్రహించాడు. సరిచేసింది వాడే. అంతలో ఏడు గంటలయింది. బరంపురంనుంచి పిలుపు వచ్చింది. లేవబోతున్న వాణ్ణి కూర్చోమన్నాను.

అక్కయ్యకు కళ్ళు లేవు గాని చెవులు చురుకు. "ఎవర్రా నీ పక్కన?" అన్నది.

"మేడమీది అబ్బాయి, అక్కయ్యా. పాట వింటాడట."

"అన్నం తిన్నాడా?" అని అడిగి, తిన్నాడని నేను చెప్పేదాకా ఆగి, ఊర్మిళ పాట మొదటినుంచి అందుకొన్నది. నలభై నిమిషాలలో ఒక్కసారి కూడా తెగలేదు. ఆ చరణం ఉండవలసిన చోటికి వచ్చేసరికి గొంతు హెచ్చించి, కొంచెం తడబడి, దాటి వెళ్ళిపోయింది. కాగితంమీద అక్కడ నాలుగు పంక్తులు ఖాళీగా వదిలి, తరువాతి చరణం వ్రాసుకొన్నాను.